బావ టైపు చేసిన నా ఎం.ఏ.

నా ఎం.ఏ. చదువు చాలావరకు మా బావ చేతిమీదుగా నడిచింది. పుస్తకాలు చదివింది నేను, జవాబులు రాసింది నేను, పరీక్ష హాల్లో చెమటలు కక్కింది నేను. కానీ యూనివర్సిటీలో మేడమ్‌కి చేరాల్సిన ప్రతి కాగితాన్నీ అతను టైపు చేయాలి, అతను నొక్కితేనే అది వెళ్ళాలి. ఇప్పటి పిల్లలకి చెబితే నవ్వుతారు. ఫోను తీసి పంపేసే దానికి ఇంత రామాయణమా అంటారు. ఇంటింటికీ టచ్ ఫోన్లు రాకముందు, కళింగపట్నంలో, మాట అనుకున్న ఆడపిల్లగా ఎం.ఏ. చదివి చూపించమనండి, అప్పుడు మాట్లాడదాం.

మాట అనుకోవడం అంటే ఏమిటో చెప్పాలి. మా నాన్న ఏడాదిలో చాలా నెలలు గుజరాత్‌లో బోట్ల మీద ఉండేవాడు. మా పేటలో సగం మంది మగాళ్ళ బతుకు అంతే. అమ్మ చేపలు అమ్మేది. ఇంట్లో మంచీ చెడ్డా చూసేది అమ్మకి అన్న, మా మావ. వాళ్ళది ఎదురిల్లే. అతని కొడుకే బావ. నేను డిగ్రీ పాసైన వేసవిలో మావ తమలపాకులు తెచ్చి అమ్మ చేతిలో పెట్టి మాట పుచ్చుకున్నాడు. పురోహితుడు లేడు, బాజా లేదు. అమ్మ ఆ ఆకులు కొంగున కట్టుకుంది, నా పెళ్ళి ఖాయమైపోయింది. ఆ రోజు నుంచి పెళ్ళిదాకా నేను బావ ఎదుట పడకూడదు, అతనితో మాట్లాడకూడదు. అతను మా ఇంటికొస్తే నేను తలుపు చాటుకి పోవాలి. ముందు రోజు వరకూ ఒరే అంటే ఒసే అని జుట్లు పట్టుకున్నవాళ్ళం. తెల్లారేసరికి నాకు మూగనోము పట్టించారు.

నన్నెవరూ అడగలేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతారు గాని, మేనరికం సంగతి ఎవరడుగుతారు?

బావ చెడ్డవాడైనా బాగుండేది. తాగుబోతనో, తిరుగుబోతనో చెప్పి గోల చేసేదాన్ని. అతనికి అవేమీ లేవు. నాకు జ్వరమొస్తే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయినవాడు. అతనంటే కోపం లేదు. కానీ ఒక కంచంలో తిని పెరిగినవాణ్ణి మొగుడిగా అనుకోబోతే నాకు ఒళ్ళంతా బిగుసుకుపోయేది. ఆ మాట ఎవరికి చెప్పేది? పిల్లాడిలో వంకుంటే పెళ్ళి ఆగుతుంది. నాకు ఊపిరాడటం లేదంటే ఆగుతుందా?

ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎం.ఏ. సోషియాలజీకి సీటొచ్చినప్పుడు అమ్మ వద్దంది. ఒప్పించింది మావే.

"నా కోడలు ఎమ్మే సదువుతాదే. ఈ పేటలో ఇంకెవుడి కోడలు సదివినాది సెప్పు?" అని మీసం దువ్వుకున్నాడు.

షరతు కూడా అప్పుడే పెట్టాడు. ఒక్క సబ్జెక్టు పోయినా చదువు మాన్పించి వెంటనే పెళ్ళి చేసేస్తారు. అన్నీ పాసైతే చదువయ్యేదాకా ఆగి, నాన్న వచ్చాక చేస్తారు. పాసైతే కాస్త ఆగి, తప్పితే ఇప్పుడే. ఎటు తిరిగినా అదే గుమ్మం. ఊళ్ళో బస్సులాగే చోట బావకి నెట్ సెంటరు ఉండేది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను. "సదువైపోతే గుంట మనోడి కొట్లో రెండో కంప్యూటరు దగ్గిర కూకుంటాది" అని మావ నా భవిష్యత్తు కూడా తేల్చేశాడు. నాకేమో కాలేజీలో పాఠాలు చెప్పాలని ఉండేది. ఎక్కడో ఒక హాస్టల్లో నాదంటూ ఒక మంచం, ఒక బల్ల ఉండాలని ఉండేది. ఒక్క సబ్జెక్టూ పోకుండా చదువు లాక్కొస్తే ఆ లోపల ఏదో దారి దొరక్కపోతుందా అన్న ఆశతో బస్సెక్కాను.

మొదటి వారంలోనే ఆ ఆశకి గండి పడింది. మాకు రెండు పేపర్లు చెప్పే మేడమ్ కొత్తగా వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నవ్వేవారు కాదు. అసైన్‌మెంట్లన్నీ ఈమెయిల్‌లోనే పంపాలన్నారు. చేత్తో రాసినవి తీసుకోరు, టైపు చేసి ఉండాలి. ఎవరిది వాళ్ళ ఐడీ నుంచే రావాలి. స్నేహితుల ఐడీ నుంచి వస్తే సున్నా. పాత బ్యాచిలో ఒకడు రాసినదాన్నే క్లాసంతా పేర్లు మార్చి ఇచ్చారట, అందుకని ఈ కట్టుబాటు. ఇంటర్నల్ మార్కులు ఆవిడ చేతిలో ఉన్నాయి. అవి రాకపోతే సబ్జెక్టు పోయినట్టే.

నాకు ఈమెయిల్ లేదు. ఇంటికొచ్చి అమ్మతో అన్నాను. అమ్మ మావతో అంది. మావ బావతో అన్నాడు. మర్నాటికల్లా ఐడీ తయారైపోయింది. నా పేరు, దాని పక్కన బావ పేరు, మధ్యలో చుక్కైనా లేకుండా అతికించి ఉన్నాయి. ఆ చిరునామా ఒక చీటీ మీద రాసి అమ్మ చేతికి ఇచ్చాడు. పాస్‌వర్డు మాత్రం రాయలేదు. నాకెందుకు, పంపేది తనే కదా అనుకుని ఉంటాడు. నేను అడగాలన్నా నోరు లేదు. అమ్మచేత అడిగిస్తే "నీకేటే దాన్తో పని? మనోడున్నాడు గదా" అంది.

అంత తెలివి ఉన్నదానివి బావ కొట్టుకే వెళ్ళి కూర్చోవలసింది అంటారేమో. మాట అనుకున్న పిల్ల, అనుకున్న పిల్లాడి కొట్లో, పచ్చ తెర వేసిన గదిలో కంప్యూటరు ముందు కూర్చుంటే పేట ఊరుకుంటుందా? అంచేత నా రాతలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అమ్మకిచ్చేదాన్ని. అమ్మ పొద్దున్నే చేపల గంపతో ఆటో ఎక్కడానికి వెళ్తూ ఆ కవరు బావ కొట్లో పడేసేది. కవరు గంపలో చేపల మీదే ఉండేది. భారతీయ గ్రామీణ సమాజంలో మార్పుల మీద నేను రాసిన మొదటి వ్యాసం కవ్వ చేపల వాసనతో లోకంలోకి వెళ్ళింది.

మేము రాసేది ఇంగ్లీషులో. బావ డిగ్రీ చదివి, కంప్యూటరు కోర్సు కూడా చేసినవాడు కాబట్టి టైపు చేయడంలో దిట్ట. చిక్కల్లా అతని మంచితనంతోనే. నా అసైన్‌మెంటుని పెళ్ళి శుభలేఖలా ముస్తాబు చేసేవాడు. చుట్టూ గులాబీల బోర్డరు. పైన రంగురంగుల వంకర అక్షరాల్లో నా పేరు. మెయిల్లో "గౌరవనీయులైన మేడమ్ గారికి నమస్కరించి వ్రాయునది" అని పూర్తి దరఖాస్తు భాష, ఇంగ్లీషులో. అట్టడుగున, తన కొట్టు ఫైళ్ళన్నిటికీ అలవాటుగా పెట్టే లైను కూడా ఉండిపోయేది. పాస్‌పోర్టు ఫొటోలు, లామినేషన్, బస్సు పాసు దరఖాస్తులు చేయబడును.

ఒకరోజు మేడమ్ ఎవరెవరివి అందాయో చూపించడానికి ప్రొజెక్టరు మీద తన మెయిల్ తెరిచారు. గోడ మీద నా ఐడీ పడింది.

"ఏమ్మా, ఈ రెండో పేరు ఎవరిది?" అన్నారు.

నేను లేచి నిలబడ్డాను. నా బస్సులో వచ్చే అమ్మాయి ఒకతి నాకంటే ముందే జవాబు చెప్పేసింది. "ఆవిడ బావది మేడమ్! మాట అయిపోయింది!" క్లాసంతా ఘొల్లుమంది. మేడమ్ నవ్వలేదు. ఆ ఫైలు తెరిచి గులాబీలు చూశారు, కింద లామినేషన్ సంగతి చూశారు.

"పువ్వులు వద్దమ్మా, విషయం చాలు" అన్నారు.

ఆ మాట బావకి అందించే దారి నాకు లేదు. అమ్మతో చెప్పి పంపితే అమ్మ ఏం చెప్పిందో ఏమో, తర్వాతి దానికి గులాబీలు తీసి మల్లెలు పెట్టాడు.

పువ్వులంటే నవ్వి ఊరుకోవచ్చు. లోపలి సరుకు కూడా మారేది. జవాబు చిన్నదిగా ఉందనుకుంటే తన సొంత వాక్యాలు చేర్చేవాడు. మత్స్యకారుల వలస గురించి నేను రాసిన దాంట్లో "వలస పోయినవారు కష్టజీవులు, దేవుడు వారిని చల్లగా చూడాలి" అని కలిపాడు. మేడమ్ దాని కింద ఎర్రగీత గీసి, ఆధారం ఏమిటని అడిగారు. దేవుడి చల్లని చూపుకి నేనెక్కణ్ణించి ఆధారం తెచ్చేది? ఆ రోజు నాకు ఏడుపే వచ్చింది. నా పేరుతో నేను రాయని మాటలు వెళ్తున్నాయి. నా పేరు పక్కన ఇంకో పేరు వెళ్తోంది. ఈ లోకంలో నేనొక్కదాన్నే రాసి నేనొక్కదాన్నే పంపుకోగలిగిన ముక్క ఒక్కటి లేదు.

ఐడీ మార్చుకుంటానని మేడమ్‌ని అడిగాను. రిజిస్టరైపోయింది, మధ్యలో కుదరదన్నారు. "ఎందుకు, ఏమైనా ఇబ్బందా?" అని కూడా అడిగారు. చుట్టూ అందరూ ఉన్నారు. బస్సులో వచ్చే అమ్మాయి చెవులు రిక్కించి ఉంది. ఇక్కడ ఒక ముక్కంటే సాయంత్రానికి మా వీధిలో పది ముక్కలవుతుంది. "ఏం లేదు మేడమ్" అన్నాను. డిపార్ట్‌మెంటు ల్యాబులో కంప్యూటర్లు ఉండేవి. వాటికి గుడ్డలు కప్పి ఉండేవి. నెట్ ఉన్నరోజు కరెంటుండదు, కరెంటున్నరోజు తాళంచెవి ఉండదు. అన్నీ ఉన్నా పాస్‌వర్డు తెలియని దానికి అవి ఎందుకు?

మేడమ్ జవాబులు వచ్చినప్పుడు ఇంకో తతంగం. అవి కూడా బావకే కదా వచ్చేది. వాటిని ప్రింటు తీసి సాయంత్రం మా ఇంటికి తెచ్చేవాడు. మావ అరుగు మీద కూర్చునేవాడు, అమ్మ చేతిలో పని చేతిలోనే ఉంచుకుని వినేది, బావ వాకిట్లో నిలబడి ఇంగ్లీషు ఒక వాక్యం చదివి, దాని తెలుగు చెప్పేవాడు. నేను తలుపు చాటున నిలబడి నాకొచ్చిన ఉత్తరం వినేదాన్ని.

"ఉపోద్ఘాతం బాగున్నాది అంతన్నాది మేడమ్. ముగింపు కాస్త పేలవంగా ఉన్నాదట."

"ముగింపుకేటయ్యిందే గుంటా?" అని మావ తలుపు వైపు కోప్పడేవాడు. మార్కులు బాగా వస్తే వీధిలో వెళ్ళే వాళ్ళని పిలిచి మరీ చెప్పేవాడు. మేడమ్‌కి కృతజ్ఞతలు కూడా బావే నా పేరున పంపేసేవాడు. అందరూ నా మీద ప్రేమతోనే చేశారు. అదే నన్ను మరీ బిగించేసింది. కొట్టేవాళ్ళుంటే తిరగబడతాం. మంచినీళ్ళు చేతికందించేవాళ్ళ మీద ఎలా తిరగబడతాం?

ఇలా మూడో సెమిస్టరు దాకా వచ్చింది. అప్పుడు మేడమ్ కుటుంబం, బంధుత్వం అన్న అంశం మీద అసైన్‌మెంటు ఇచ్చారు. ఎవరి కుటుంబం గురించి వాళ్ళు రాయాలి. మూడు తరాల పటం గీయాలి. మగవాళ్ళకి త్రికోణం, ఆడవాళ్ళకి సున్నా, పెళ్ళయినవాళ్ళ మధ్య, ఖాయమైనవాళ్ళ మధ్య రెండు గీతలు. ఆడదానికి సున్నా పెట్టిన మహానుభావుడెవరో గాని మా పేటకి వచ్చి చూసి ఉంటాడు. పటం కింద, ఆ ఇంట్లో పెళ్ళిళ్ళు ఎవరు నిర్ణయిస్తారో, ఆ నిర్ణయంలో నీ మాట ఎంతుందో సొంత అనుభవంతో రాయాలి.

"లైబ్రరీ పుస్తకంలోంచి ఎత్తి రాస్తే నాకు తెలిసిపోతుంది. సగం ఇంటర్నల్ మార్కులు దీనికే" అన్నారు మేడమ్.

ఇంటికొచ్చి కూర్చున్నాను. వాకిట్లో చేపలు ఎండేశాం. కాకులు వాలకుండా కర్ర పట్టుకుని కాపలా కాస్తూ రాయడం నాకు అలవాటే. ముందు ఒక వ్యాసం రాశాను. మేనరికం వల్ల బంధాలు గట్టిపడతాయి, ఆడపిల్లకి అత్తారింట్లో పరాయితనం ఉండదు, ఇరుపక్షాలూ సంతోషంగా ఉంటాయి. చదువుకుంటే నాకే డోకొచ్చింది. మేడమ్‌కి మాత్రం తెలియదా? దీనికి మార్కులు రావు. మార్కులు రాకపోతే సబ్జెక్టు పోతుంది. సబ్జెక్టు పోతే పెళ్ళి ఇప్పుడే. నిజం రాస్తే మార్కులొస్తాయేమో, కానీ ఆ నిజాన్ని ఒక్కొక్క అక్షరమే టైపు చేసేది ఎవరు? అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అనలేదు పెద్దలు. నేను కర్ర పక్కన పడేసి అలాగే కూర్చున్నాను. కాకి వచ్చి ఓ చేప ఎత్తుకుపోయింది. అమ్మ లోపల్నుంచి తిట్లు లంకించుకుంది.

ఆ తిట్లు వింటూంటే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అమ్మ మీద కాదు, కాకి మీద కాదు. ఇంట్లో చేపకున్న కాపలా నా మాటకి లేదేమని. మొదటి కాగితం చింపేసి ఇంకోటి తీశాను. ఇంగ్లీషులో నేను రాసింది ఇప్పుడు తెలుగులో చెబితే ఇలా ఉంటుంది. "మా ఇంట్లో నా పెళ్ళి తమలపాకులతో నిర్ణయమైంది. నన్ను అడగలేదు. నేను పెళ్ళాడవలసిన మనిషి మంచివాడు. అతనంటే నాకు కోపం లేదు. అతన్ని భర్తగా తలుచుకుంటే నాకు ఊపిరాడదు. ఆ నిర్ణయంలో నా మాట ఎంత ఉందని ప్రశ్న. నా మాట లేదు. అతనితో మాట్లాడే వీలు కూడా నాకు లేదు."

పటం కూడా గీశాను. తాతలు, అమ్మమ్మలు, మావ, అమ్మ, నాన్న. చివరి వరసలో నా సున్నా, అతని త్రికోణం. వాటి మధ్య రెండు గీతలు గీయలేదు.

కవర్లో పెట్టి అమ్మకిచ్చాను. అమ్మ ఆటో దాకా వెళ్ళేలోపు పరిగెత్తి వెనక్కి తెచ్చుకోవచ్చు. గడువు ఇంకా మిగిలే ఉంది. కానీ తెచ్చుకుని ఏం చేస్తాను? అరుగు మీద కూర్చుని అమ్మ నడిచి వెళ్ళడం చూస్తూ ఉండిపోయాను. గంప కనబడకుండా పోయేసరికి నాలో ఏదో తెగినట్టయింది. భయమూ, తేలికా కలిసే వచ్చాయి.

వచ్చే క్లాసులో మేడమ్, ఇవి ఇళ్ళ సంగతులు కాబట్టి గోడ మీద వేయకుండా, ఒక్కొక్కరినే పిలిచి అందినవి తన ల్యాప్‌టాప్‌లో చూపించారు. నాది వచ్చేసరికి కళ్ళు మూసుకోబోయి తెరిచాను. పువ్వులు లేవు. వంకర అక్షరాలు లేవు. నమస్కరించి వ్రాయునది లేదు, లామినేషన్ లేదు. తెల్లటి కాగితం మీద నేను రాసిన మాటలు నేను రాసినట్టే ఉన్నాయి. ఒక్క వాక్యం కలపలేదు, ఒక్కటి తీయలేదు. నేను తప్పు రాసిన స్పెల్లింగులు కూడా అలాగే ఉంచాడు. పటం చక్కగా స్కేలు పెట్టినట్టు గీశాడు. నా సున్నాకీ అతని త్రికోణానికీ మధ్య ఖాళీ ఖాళీగానే వదిలాడు. ఇదివరకైతే పిల్ల మర్చిపోయిందనుకుని తనే దిద్దేవాడు.

చదివాడన్నమాట. అంతా అర్థమయ్యే చదివాడు.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఎదురింట్లో మావ గొంతు వినబడితే చాలు, చేతిలో పని ఆపి చెవి అటు వేసేదాన్ని. ఇవాళ మావకి చెప్పేస్తాడు, రేపు చెప్పేస్తాడు అని చూశాను. చెప్పలేదు. అది ఇంకా ఘోరంగా ఉండేది. వీధిలో వెళ్తూ ఎప్పుడూ మా ఇంటి వైపు ఒక చూపు పడేసి పోయేవాడు, ఇప్పుడు తల దించుకుని పోతున్నాడు. "మనోడు సరిగ్గా తిండి తినటం నేదంట, ఏటయ్యిందో" అని అమ్మ బెంగపెట్టుకుంది. నేను చెప్పగలనా? అందరి మధ్యా అన్నం తింటూ, బస్సెక్కుతూ, కాకుల్ని తోలుతూ, పేటలో ఒక్క మనిషికి తప్ప ఎవరికీ తెలియని నిజాన్ని మోస్తూ తిరిగాను. ఆ మనిషితోనే నేను మాట్లాడకూడదు.

ఒక సాయంత్రం బావ కాగితం పట్టుకుని వచ్చాడు. మావ అరుగు మీదున్నాడు. అమ్మ ఎండిన చేపలు గోనెలోకి ఎత్తుతోంది. నేను తలుపు చాటుకి పోయాను.

"మేడమ్ ఉత్తరం వచ్చినాది" అన్నాడు బావ.

"సదువు. మార్కులెన్నొచ్చినాయి?" అన్నాడు మావ.

"మార్కులు తరవాత. ముందు ఇనండి."

ఎప్పటిలాగే ఇంగ్లీషు ఒక ముక్క చదివాడు, తెలుగు చెప్పాడు. గొంతు మాత్రం ఎప్పటిలా లేదు. "ఇన్నాళ్ళూ నువ్వు పంపినాటిల్లో నీ మాట నాకు ఇనపడింది దీన్లోనే, అంతన్నాది." కాగితం మడిచి మళ్ళీ విప్పాడు. "బావంటే కోపం నేదు గాని, ఆ పెళ్ళి తలుసుకుంటే ఊపిరాడదని ఒక పిల్ల గురించి రాసినావు. ఆ పిల్ల నువ్వేనా? నువ్వే అయితే నాకు రాసి లాభం నేదు. సెప్పాల్సినోల్లకి సెప్పు. ఇదీ ఉత్తరం."

అమ్మ చేతిలో చేపలు అలాగే ఉండిపోయాయి.

"ఏ పిల్లరా? ఎవుల బావ?" అన్నాడు మావ.

"అదే అడుగుతన్నాది మేడమ్ కూడా. జవాబియ్యాల." బావ జేబులోంచి ఫోను తీశాడు. నెట్ వచ్చే ఫోను ఆ మధ్యనే కొన్నాడు. తల తలుపు వైపు తిప్పాడు. "ఏటని రాయమంతావు?"

మాట అనుకున్నాక అతను నన్ను నేరుగా అడిగిన మొదటి మాట అదే. అబద్ధం నా నోటి చివరే ఉంది. పాఠం కోసం కల్పించి రాశాను, ఉత్తుత్తి పిల్ల అంటే చాలు. మావ నవ్వేస్తాడు, అమ్మ చేపలు ఎత్తుకుంటుంది, మేడమ్‌కి ఆ ముక్కే వెళ్తుంది. బావ కూడా నమ్మినట్టు ఉండిపోతాడు. నేను నా సంగతిగా రాసినదాన్ని ఎవరో ఒక పిల్ల సంగతిగా మార్చి చదివింది దానికి కూడా చోటివ్వడానికేనని నాకు తెలుసు. కానీ ఆ అబద్ధం ఆడితే మళ్ళీ ఈ తలుపు చాటునే నేను ముసలిదాన్నైపోతాను.

తలుపు దాటి వాకిట్లోకి వచ్చాను.

"ఆ గుంట నానే బావా. అలగే రాయి" అన్నాను.

అతను రాశాడు. అంత చిన్న వాక్యానికి చాలాసేపు పట్టింది.

"పంపీమంతావా?"

"పంపీ."

నొక్కాడు. అప్పుడు మావ లేచాడు. "ఒరే, ఏటి రాసినావు? ఏటి పంపినావు? ఏటే, సదివించినందుకు ఇదా బుద్ధి?" అని నా మీదికి రాబోతే బావ అడ్డం నిలబడ్డాడు.

"ఊరుకోయ్యా. నాకు ముందే తెలుసు. టైపు సేసినోణ్ణి నాను కాదేటి? ఒల్లనన్న గుంటని కట్టుకోడానికి నాకు మాత్రం సిగ్గు నేదా?" ఆ తర్వాత నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాకు సెప్పడానికి మద్దిన మేడమ్ కావలసొచ్చినాదే నీకు?"

"మాటాడొద్దని నా నోరు కట్టింది మీరే గదా" అన్నాను.

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మావ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, అమ్మ ముఖం వైపైనా చూడకుండా అతని వెనకే వెళ్ళాడు. ఎదురింటి తలుపు పడింది. పడుకునే వేళ దాకా ఎప్పుడూ వేసి ఎరగని తలుపు.

అమ్మ తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. శోకాలు పెడుతుందనుకున్నాను. చేతిలో చేపలు గోనెలో వేసి, గోనె మూతి బిగించి కట్టింది. తర్వాత నా ముఖంలోకి చూసింది.

"ఓలమ్మో, మరింక నీ కాయితాలు ఎవుడు పంపుతాడే?" అంది.

ఇంకా ఒక సెమిస్టరు మిగిలే ఉంది.